ఎక్కడ చంపారో చెప్పండి

2009 జులై. కంబోడియాలో నామ్ పెన్ నగర శివార్లలో, ఖ్మేర్ రూజ్ అనే కమ్యూనిస్టు దళం పాలనలో జరిగిన నేరాల విచారణ కోసం పెట్టిన ప్రత్యేక న్యాయస్థానం. సాక్షి కుర్చీలో బూ మెంగ్ అనే పెద్దాయన. ముద్దాయి పేరు కైంగ్ గెక్ ఈవ్, అందరికీ డుయిక్‌గా తెలిసినవాడు. 1975 నుంచి 1979 దాకా సాగిన ఆ పాలనలో టువోల్ స్లెంగ్ జైలు ఇతని చేతి కింద ఉండేది. అంతకు ముందు అది పిల్లలు చదువుకున్న హైస్కూలు. 12,000 మందికి పైగా మనుషుల్ని అక్కడికి తెచ్చి, చిత్రహింసలు పెట్టి, చంపేశారు. ప్రాణాలతో బయటపడ్డవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. బూ మెంగ్ బొమ్మలు గీసేవారు. ఆ పాలన అధినేత పోల్ పాట్ ఫోటో ఇచ్చి గీయమంటే అచ్చు గుద్దినట్టు గీశారు. అందుకని ఆయన్ని ఉంచారు. ఆయనతో పాటు లోపలికి తెచ్చిన భార్యను ఉంచలేదు.

ముద్దాయిని అడగాలనుకున్నది అడగమని కోర్టు ఆయనకు అవకాశం ఇచ్చింది. మూడు దశాబ్దాల దుఃఖం, ఒంటి మీద ఇంకా మానని మచ్చలు. ఎన్ని అడగొచ్చు! ఆయన అడిగింది ఒక్కటే. నా భార్యను ఎక్కడ చంపారు? ఆ జైల్లోనా, ఖైదీల్ని తీసుకెళ్ళి చంపే చోయింగ్ ఎక్ పొలాల్లోనా? తెలిస్తే అక్కడికి వెళ్ళి ఇంత మట్టి తెచ్చుకుని ఆమె ఆత్మ కోసం ప్రార్థన చేసుకుంటానన్నారు. అది తన కింది వాళ్ళు చేసిన పని అని, బహుశా చోయింగ్ ఎక్‌లో అయ్యుంటుందని డుయిక్ చెప్పాడు. చెబుతూ ఏడ్చాడు. అంత పెద్ద న్యాయస్థానం, అన్ని దేశాల జడ్జీలు, లాయర్లు, అనువాదకులు అందరూ ఉండి కూడా ఆ పెద్దాయనకు దొరికింది ఒక 'బహుశా'.

ఇది మొదటిసారి చదివినప్పుడు నేను అక్కడే ఆగిపోయాను. 'ఎందుకు చంపారు' అని అడుగుతారనుకున్నాను. ఆయన 'ఎక్కడ' అని అడిగారు. ఆ తర్వాత కొన్నేళ్ళుగా బోస్నియా, రువాండా, గ్వాటెమాలా, ఇరాక్ దేశాల్లో బతికి బయటపడ్డవాళ్ళు చెప్పిన సాక్ష్యాలు వెతికి వెతికి చదివాను. ఈ 'ఎక్కడ' ప్రతిచోటా ఎదురైంది. మా నాన్నను ఎక్కడ పూడ్చారు? మా ఇల్లు ఇప్పుడు ఎవరి చేతిలో ఉంది? మా పొలం గట్టు ఎవరు జరిపారు? చివరికి నాకు కుదిరిన అభిప్రాయం ఇది: జాతిహననం తర్వాత న్యాయం జరిగిందా లేదా అని చూడాలంటే ఎంతమందికి శిక్ష పడిందో, ఎంతమంది క్షమించారో లెక్క తీస్తే సరిపోదు. ఆ 'ఎక్కడ'కి జవాబు వచ్చిందా అని చూడాలి. ఆ జవాబు రాకముందే బాధితుల్ని క్షమించమని అడగడం వాళ్ళ నెత్తిన ఇంకో బరువు పెట్టడమే.

మాట గురించి ఒక మాట. మన పత్రికలు దీన్ని మారణహోమం అంటాయి. నాకు ఆ పదం ఎప్పుడూ మింగుడు పడదు. హోమం చేసేవాడు ఒక మంచి కోరి చేస్తాడు. ఇక్కడ జరిగింది హత్య. జాతిహననం అంటేనే సూటిగా ఉంటుంది. 'జెనోసైడ్' అన్న పదాన్ని 1944లో రాఫెల్ లెమ్కిన్ అనే పోలెండు యూదు న్యాయవాది పుట్టించాడు. నాజీల చేతుల్లో ఆయన బంధువులు 49 మంది పోయారు. 1948 డిసెంబరు 9న ఐక్యరాజ్యసమితి ఒప్పందంగా అది చట్టంలోకి ఎక్కింది. లెమ్కిన్ చెప్పిందాంట్లో చంపడం ఒక భాగమే. ఒక జనం తమ జనంగా బతకడానికి కావలసిన భాష, గుడి, భూమి, కుటుంబం అన్నిటినీ ఒక పథకం ప్రకారం కూల్చడం ఆయన దృష్టిలో ఉంది. కూల్చింది అదంతా అయితే, తిరిగి నిలబెట్టాల్సింది కూడా అదంతా కదా.

కంబోడియా దగ్గరికే మళ్ళీ వస్తాను. 1998 డిసెంబరులో ఖ్మేర్ రూజ్ పెద్దలు ఖియూ సంఫాన్, నుయోన్ చియా లొంగిపోయినప్పుడు అప్పటి ప్రధాని హున్ సెన్, ఒక గొయ్యి తీసి గతాన్ని అందులో పాతిపెట్టాలి అన్నాడు. దేశం నిండా గోతులే ఉన్న చోట ఆ మాట అనగలగడం నాకు ఇప్పటికీ మనసు కెలికేసే విషయం. యుద్ధం ఆగాలి, జనం ఊపిరి పీల్చుకోవాలి అన్నది అందులో ఉన్న న్యాయమైన మాట. నిజమే. కానీ పాతిపెట్టమన్నవాడు ఏం పాతిపెడుతున్నామో ముందు చెప్పాలి. విచారణ 2006కి గానీ మొదలు కాలేదు. పోల్ పాట్ 1998లోనే చచ్చిపోయాడు. ఇంకో పెద్ద నాయకుడు ఇయెంగ్ సారీ విచారణ మధ్యలో 2013లో పోయాడు. 2022 దాకా సాగి, 33 కోట్ల డాలర్లకు పైగా ఖర్చయ్యి, చివరికి శిక్ష పడింది ముగ్గురికి. ఈ లెక్క చూపించి ఇదంతా దండగ అనేవాళ్ళున్నారు. నేను అనలేను. ఎందుకంటే ఆ కోర్టు బాధితుల్ని సాక్షులుగా పిలిచి పంపేయలేదు, కేసులో భాగస్తుల్ని చేసింది. రెండో కేసులో దాదాపు 3,900 మంది అలా చేరారు. బూ మెంగ్ ఆ ప్రశ్న నేరుగా వేయగలిగింది కూడా అందుకే.

ఇక బోస్నియాలోని స్రెబ్రెనిత్సా. 1995 జులైలో బోస్నియా సెర్బు సైన్యం ఆ ఊళ్ళోకి వచ్చింది. ఐక్యరాజ్యసమితి 'సురక్షిత ప్రాంతం' అని ప్రకటించిన ఊరు అది. కొద్ది రోజుల్లో 8,000 మందికి పైగా బోస్నియా ముస్లిం మగవాళ్ళనీ మగపిల్లల్నీ చంపి పెద్ద పెద్ద గోతుల్లో పడేశారు. అంతటితో ఆగి ఉంటే వెతకడం కొంత తేలికయ్యేది. రెండు నెలలు గడిచాక, బయటి దేశాల కంట పడుతుందేమోనని, ఆ గోతుల్ని యంత్రాలతో తవ్వించి శవాల్ని లారీల కెత్తించి దూరపు కొండ ప్రాంతాల్లో చిన్న చిన్న గోతుల్లో మళ్ళీ పూడ్పించారు. ప్రొక్లెయిన్ బకెట్టు మనిషిని మనిషిగా ఎత్తదు. తల ఒక చోట, కాళ్ళు ఇంకో చోట. ఒకే మనిషి ఎముకలు కిలోమీటర్ల ఎడంలో వేరు వేరు గోతుల్లో దొరికిన సందర్భాలున్నాయి. హత్యను దాచడానికి చేసిన ఈ రెండో నేరం, మొదటి దానికంటే ఎక్కువ కాలం ఆ తల్లుల్ని కాల్చింది.

అక్కడ మొదలైంది రక్తపు చుక్కల పని. తప్పిపోయినవాళ్ళ కోసం 1996లో ఏర్పడిన అంతర్జాతీయ కమిషన్ బతికున్న బంధువుల దగ్గర వేలి చివర నుంచి రక్తం తీసుకుంది. ఎముకల్లోంచి తీసిన డీఎన్ఏతో దాన్ని పోల్చి చూడడం 2001 నుంచి మొదలైంది. ఇప్పటికి 7,000 మంది దాకా పేర్లు తెలిశాయి. ప్రపంచంలో ఇంత ఓపికగా, ఇంత పద్ధతిగా చనిపోయినవాళ్ళకు పేర్లు వెతికిచ్చిన పని నాకు తెలిసి ఇంకోటి లేదు. కానీ ఆ పని ఒక తల్లి ఇంటి దాకా వచ్చేసరికి ఎలా ఉంటుందో చూడండి. ఫోన్ వస్తుంది. మీ అబ్బాయి దొరికాడు అంటారు. ఎంత దొరికాడు అని ఆమె అడగాలి. తొడ ఎముక ఒకటి, పక్కటెముకలు రెండు. ఇప్పుడు పూడుస్తారా, ఇంకా దొరికేదాకా ఆగుతారా? ఆగితే తాను ఉంటుందో లేదో తెలియదు. పూడిస్తే, రేపు ఇంకో ఎముక దొరికితే సమాధి మళ్ళీ తెరవాలి. అలా తెరిచిన సమాధులు స్రెబ్రెనిత్సా పక్కనున్న పొతొచారి శ్మశానంలో చాలానే ఉన్నాయి. కొడుకు ఎముకల గురించి ఇలాంటి నిర్ణయం ఏ అమ్మ తీసుకోగలదు? వాళ్ళు తీసుకున్నారు, ఏడాది తర్వాత ఏడాది.

ఆ గోతులే కోర్టులో సాక్ష్యం చెప్పాయి. మొదటి గోతిలోని మట్టి, పుప్పొడి, తూటాల గొట్టాలు, చేతులు కట్టిన తాళ్ళు, కళ్ళకు కట్టిన గుడ్డలు రెండో గోతుల్లో దొరికిన వాటితో సరిపోయాయి. శవాల్ని మార్చారని అలా రుజువైంది. మాజీ యుగోస్లావియా యుద్ధ నేరాల కోసం హేగ్ నగరంలో పెట్టిన ట్రిబ్యునల్ మొత్తం 161 మంది మీద అభియోగాలు మోపింది. ఆ సెర్బు సైన్యాన్ని నడిపిన జనరల్ మ్లాదిచ్ 2011లో దొరికాడు, యావజ్జీవ శిక్ష 2021లో ఖాయమైంది. అయినా అక్కడ జాతిహననం జరగలేదని చెప్పే మనిషే 2016లో స్రెబ్రెనిత్సా మేయరయ్యాడు. దీన్ని పట్టుకుని, తీర్పుల వల్ల ఏం మారింది అని కొందరు అడుగుతారు. తీర్పు లేకపోతే ఆ మేయరు మాటకీ ఆ తల్లి మాటకీ ఒకే విలువ కట్టేవాళ్ళు. కాగితం మీద ఉన్న తీర్పు అబద్ధం నోరు మూయించలేదు గానీ, దాన్ని అబద్ధమని పేరు పెట్టి పిలవడానికి వీలిచ్చింది.

శవం ఎక్కడ అన్న దాని తర్వాత ప్రశ్న ఇల్లు ఎక్కడ అన్నది. దీనికి నాకు గుర్తొచ్చే మనిషి ఫాతా ఓర్లోవిచ్. స్రెబ్రెనిత్సాకి దగ్గర్లోని కొన్యేవిచ్ పోల్యే ఊరామె. 1995లో భర్తనీ, ఇరవై మందికి పైగా బంధువుల్నీ పోగొట్టుకుంది. పిల్లలతో పారిపోయి ఎక్కడెక్కడో తలదాచుకుని, యుద్ధం అయిపోయాక సొంతింటికి తిరిగొస్తే ముందు పెరట్లో ఒక ఆర్థడాక్స్ చర్చి కట్టి ఉంది. ఆమెను అడిగినవాళ్ళు లేరు, భూమి ఆమెదే. ఇక చూడండి ఆ మనిషి పట్టు. డబ్బిస్తాం వదిలెయ్యమన్నారు, ఒప్పుకోలేదు. బెదిరించారు, బెదరలేదు. కింది కోర్టు, పై కోర్టు, చివరికి స్ట్రాస్‌బర్గ్‌లోని యూరోపు మానవ హక్కుల న్యాయస్థానం. 2019 అక్టోబరులో ఆ కోర్టు చర్చి తీసెయ్యాల్సిందే అంది. 2021 జూన్‌లో కూల్చారు. ఇరవై ఏళ్ళు పట్టింది. ఇంకో మతం గుడి మీద ఆమెకు పగ లేదు, అది మీ స్థలంలో కట్టుకోండి అనేదే ఆమె మాట. మా పెరడు మాకు కావాలి. ఇంతకంటే చిన్న కోరిక ఏముంటుంది? ఆ చిన్న కోరిక తీరడానికి ఒక ఖండం కోర్టు దాకా నడవాల్సి వచ్చిందంటే, ఇళ్ళకు తిరిగి రాలేక ఊరుకున్నవాళ్ళు ఎంతమంది ఉంటారో ఊహించుకోండి.

రువాండా కథ వేరు. అక్కడ చంపినవాళ్ళు సైనికులు మాత్రమే కారు, పక్కింటివాళ్ళు. 1994 ఏప్రిల్ 7 నుంచి దాదాపు వంద రోజుల్లో ఐక్యరాజ్యసమితి లెక్క ప్రకారం 8 లక్షల మందిని, అక్కడి ప్రభుత్వ లెక్క ప్రకారం 10 లక్షలకు పైగా మనుషుల్ని చంపారు. చంపింది హుటూ తీవ్రవాదులు. చనిపోయినవాళ్ళలో అత్యధికులు అక్కడ తక్కువ సంఖ్యలో ఉన్న టుట్సీ జాతివాళ్ళు. అడ్డుపడ్డ హుటూలనీ చంపారు. రేడియోలో పేర్లు చదివారు, గుర్తింపు కార్డులో జాతి చూసి కత్తి ఎత్తారు. అంతా అయ్యాక దేశంలో జడ్జీలు లేరు, చాలామంది చనిపోయారు లేదా పారిపోయారు. జైళ్ళలో మాత్రం లక్షా ఇరవై వేల మంది. ఒకరి మీద ఒకరు పడుకునే పరిస్థితి. ఉన్న కోర్టులతో ఈ కేసులన్నీ తేలాలంటే వందేళ్ళు దాటుతుందని అప్పట్లో లెక్క వేశారు.

అప్పుడు తెచ్చారు గచాచాని. ఆ దేశపు భాషలో గడ్డి పేరు నుంచి వచ్చిన మాట అది. ఊరి పెద్దలు పచ్చిక మీద కూర్చుని పొలం తగాదాలు తీర్చే పాత పద్ధతి. దాన్ని మార్చి, చట్టం చేసి, హత్య కేసులకు వాడారు. 2002లో కొన్ని ఊళ్ళలో మొదలై, 2005 నుంచి దేశమంతా నడిచి, 2012 జూన్‌లో ముగిసింది. 12,000 చోట్ల దాదాపు 20 లక్షల కేసులు విన్నారు. జడ్జీలు ఊరివాళ్ళు ఎన్నుకున్న మామూలు మనుషులు, జీతం లేదు. వాళ్ళని ఇన్యాంగముగాయో అనేవారు, అంటే అధర్మం గిట్టనివాళ్ళు. వారానికో రోజు పనులాపుకుని ఊరంతా రావాలి. చంపినవాడు, చంపుతుంటే చూసినవాడు, పొదల్లో దాక్కుని బతికినామె, అందరూ ఒకే పచ్చిక మీద. నేరం ఒప్పుకుంటే శిక్ష తగ్గుతుంది, సగం శిక్ష రోడ్లు వేయడం, ఇళ్ళు కట్టడం లాంటి పనుల రూపంలో తీర్చుకోవచ్చు.

ఈ చట్టంలో నేను పదే పదే తిరగేసి చదివిన వాక్యం ఒకటుంది. 2004 చట్టంలో, నేరం ఒప్పుకోవడం అంటే ఏమిటో చెప్పే చోట. ఎప్పుడు, ఎక్కడ చేశావో చెప్పాలి, నీతో పాటు ఎవరున్నారో చెప్పాలి, శవాల్ని ఎక్కడ పడేశావో చెప్పాలి. అది చెప్పకపోతే ఒప్పుకున్నట్టు లెక్కలోకి రాదు. బూ మెంగ్‌కి దొరకని జవాబును ఇక్కడ చట్టమే గొంతు మీద కూర్చుని అడిగింది. అలా వందలాది ఊళ్ళలో మరుగుదొడ్ల గుంతల్లోంచి, అరటి తోటల్లోంచి ఎముకలు బయటికొచ్చాయి. కడిగి, తుడిచి, గౌరవంగా మళ్ళీ పూడ్చారు. కానీ అన్నీ రాలేదు. 2018లో రాజధాని కిగాలీ శివార్లలో ఇళ్ళ కింద పెద్ద గోతులు దొరికాయి. వాటి మీద ఇళ్ళు కట్టుకుని ఇరవై నాలుగేళ్ళు వండుకు తిని పడుకున్నవాళ్ళున్నారు. చుట్టుపక్కల తెలిసినవాళ్ళూ ఉన్నారు. ప్రతి ఏప్రిల్‌లో స్మారక సభకి వెళ్ళి వచ్చి కూడా నోరు విప్పలేదు. ఇదే ఊళ్ళో, ఇదే మనుషుల్ని మీరు క్షమించారా అని కెమెరా పట్టుకుని అడిగేవాళ్ళు వస్తూనే ఉన్నారు.

గచాచా తప్పులు చిన్నవి కావు. ముద్దాయికి లాయరు లేడు. పాత కక్షలతో అబద్ధపు ఫిర్యాదులు పెట్టినవాళ్ళున్నారు. సాక్ష్యం చెప్పినందుకు చంపేసిన సంఘటనలున్నాయి. 2008లో అత్యాచారం కేసుల్ని కూడా ఇక్కడికే మార్చారు. తలుపులు మూసి విన్నా, జడ్జీలు ఊరివాళ్ళే కదా, ఆ ఆడవాళ్ళ టెన్షన్ ఎలా ఉండుంటుంది? అన్నిటికంటే పెద్ద తప్పు ఇంకోటి. గెలిచిన పక్షం, అంటే టుట్సీల నాయకత్వంలో ఇప్పుడు దేశాన్ని ఏలుతున్న రువాండా పేట్రియాటిక్ ఫ్రంట్ సైనికులు చేసిన హత్యల్ని ఆ పచ్చిక మీద ఎత్తడానికే వీల్లేకుండా చేశారు. 2011లో హ్యూమన్ రైట్స్ వాచ్ ఈ లోపాలన్నీ వివరంగా రాసింది. ఆ చావుల్ని జాతిహననంతో సమానం చేసి మాట్లాడేవాళ్ళతో నాకు పొత్తు లేదు. అది కొత్త రకం బుకాయింపు. అయినా భర్తను పోగొట్టుకున్న హుటూ ఆడమనిషికి కూడా 'ఎక్కడ' అని అడిగే హక్కుంది. ఆమె నోరు కట్టేసి కట్టిన శాంతి మీద నాకు నమ్మకం లేదు.

క్షమ గురించి మొహమాటం లేకుండా చెబుతాను. మనకి ఆ కథలు ఇష్టం. కొడుకుని చంపినవాడితో కలిసి బుట్టలు అల్లుతున్న తల్లి, చెయ్యి నరికినవాడి పక్కన నవ్వుతూ నిలబడ్డ మనిషి. చదివితే మన మనసు తేలికవుతుంది. కానీ తేలికవ్వాల్సింది మన మనసా? నిజంగా క్షమించగలిగిన వాళ్ళున్నారు, వాళ్ళ ముందు చేతులు జోడిస్తాను. అయితే రువాండాలో చాలామందికి అది ఎంచుకున్న దారి కాదు. నీళ్ళకు అదే బావి, సంతకి అదే దారి. పక్కింటివాడు జైలు నుంచి వచ్చాడు, ఇంకెక్కడికి పోతారు? కలిసి బతకడం వేరు, క్షమించడం వేరు. మొదటిది బతుకుతెరువు, రెండోది మనిషి లోపలి విషయం. మొదటిది చూసి రెండోది జరిగిపోయిందని బయటివాళ్ళు రాసేసుకుంటారు. గచాచాలో సుమారు 13 లక్షల కేసులు ఆస్తికి సంబంధించినవి, ఆవులు ఎత్తుకుపోవడం, ఇంటి పైకప్పులు పీక్కుపోవడం లాంటివి. తీర్పులిచ్చారు, పరిహారం కట్టమన్నారు, ఏళ్ళ తరబడి కట్టనివాళ్ళు ఎందరో. ముందు ఆ రేకుల డబ్బు కట్టించండి. క్షమ మాట తర్వాత ఆమె చూసుకుంటుంది.

బతికినవాళ్ళ నోటి మాట చట్టాన్ని కూడా కదిలించిన సందర్భం ఒకటి చెప్పాలి. టాంజానియాలోని అరూషాలో రువాండా కోసం పెట్టిన అంతర్జాతీయ ట్రిబ్యునల్ ముందుకి జాన్ పాల్ అకాయెసు అనే మాజీ మేయరు వచ్చాడు. మొదటి చార్జిషీటులో అత్యాచారం ఊసే లేదు. ఒక సాక్షి వేరే విషయం చెబుతూ చెబుతూ తన ఆరేళ్ళ కూతురికి జరిగింది చెప్పింది. ఆ ధర్మాసనంలో ఉన్న ఒకే ఒక మహిళ నవనీతం పిళ్ళై. ఆ మాటను గాలికి వదిలెయ్యలేదు. ఇంకో సాక్షి వచ్చింది, ఇంకొంత తెలిసింది. 1997లో అభియోగాలు మార్చారు. 1998 సెప్టెంబరు 2న వచ్చిన తీర్పు, అంతర్జాతీయ కోర్టు ఒకరిని జాతిహననం నేరంలో దోషిగా తేల్చిన మొట్టమొదటి తీర్పు. అత్యాచారం కూడా జాతిని తుడిచిపెట్టే ఆయుధమే అని అందులోనే తేల్చారు. ఎవరూ అడగని ప్రశ్నకు ఒక తల్లి జవాబు చెప్పడం వల్ల ఇది జరిగింది.

ఇక తిరిగి నిలబడడం. దీని గురించి నినాదాలు ఎక్కువ, వివరం తక్కువ. రువాండాలో మిగిలిన వితంతువులు 1995లో అవేగా అనే సంఘం పెట్టుకున్నారు. మందులు, ఇళ్ళు, అనాథ పిల్లల చదువులు. పనిలోకి దిగాక తెలిసింది, భర్త పోతే ఆ భూమి మీద భార్యకీ కూతురికీ హక్కు లేదని. 1999లో చట్టం మారి ఆడపిల్లలకు వారసత్వ హక్కు వచ్చింది. పాత ఊరిని ఉన్నదున్నట్టు తిరిగి కట్టి ఉంటే ఆ వితంతువులు వీధిన పడేవారే.

ఇరాక్‌లో ఒక చిన్న మతానికి చెందిన యజీదీల విషయం చూస్తే ఒక్కోసారి మతం కూడా మారాల్సి వస్తుందని తెలుస్తుంది. 2014 ఆగస్టు 3న ఇరాక్‌లోని సింజార్ మీద ఇస్లామిక్ స్టేట్ ముఠా పడింది. మగవాళ్ళని చంపి, ఆరు వేల మందికి పైగా ఆడవాళ్ళనీ పిల్లల్నీ ఎత్తుకుపోయింది. యజీదీల కట్టుబాటు ప్రకారం బయటి మతంవాళ్ళ చెర పడితే ఇక లోపలికి రానివ్వరు. అప్పుడు వాళ్ళ పెద్ద గురువు బాబా షేక్, ఈ ఆడవాళ్ళు మన బిడ్డలే, ఏ మచ్చా లేదు, తిరిగి తీసుకోండి అని ప్రకటించాడు. లాలిష్ గుడిలోని తెల్ల ఊట నీళ్ళతో వాళ్ళ తలలు తడిపి మళ్ళీ తమలో కలుపుకున్నారు. శతాబ్దాల కట్టుబాటును ఒక వృద్ధుడు ఒక్క మాటతో సడలించాడు. దీన్ని నేను ఏ కోర్టు తీర్పుకీ తక్కువ అనుకోను. కానీ ఆ తలుపు ఒక చోట మూసుకుపోయింది. చెరలో పుట్టిన పిల్లల్ని తీసుకోబోమని 2019లో మత పెద్దలు తేల్చి చెప్పారు. బిడ్డ కావాలా, జనం కావాలా అని తల్లుల్ని ఎంచుకోమన్నారు. ఆ జనం బాధ నాకు అర్థమవుతుంది. అయినా ఆ పసివాళ్ళ పక్షాన మాట్లాడకుండా ఉండలేను, వాళ్ళు ఎవరికీ ఏ అన్యాయమూ చేయలేదు.

డబ్బు సంగతి. 1952లో పశ్చిమ జర్మనీ నుంచి పరిహారం తీసుకోవాలా అని ఇజ్రాయెల్ పార్లమెంటులో చర్చ జరుగుతుంటే బయట రాళ్ళు పడ్డాయి. చచ్చినవాళ్ళకు వెల కట్టొద్దన్నది ఒక వర్గం. బతికినవాళ్ళకు కూడు కావాలన్నది ఇంకో వర్గం. రెండూ న్యాయమే. నాకు అర్థమైనంత వరకు డబ్బు ఎంత అన్న దానికన్నా, అది ఏ పేరుతో ఇస్తున్నారు, బల్ల దగ్గర ఎవరు కూర్చున్నారు అన్నదే తేల్చే విషయం. నమీబియా చూడండి. 1904 నుంచి 1908 దాకా జర్మన్ వలస సైన్యం హెరెరో, నామా జనాల్లో పదుల వేల మందిని చంపింది, ఎడారిలోకి తరిమి దాహంతో చావనిచ్చింది. పుర్రెల్ని 'పరిశోధన' కోసం జర్మనీకి పంపారు. వాటిలో 20 పుర్రెలు 2011లో బెర్లిన్ నుంచి ఇంటికొచ్చాయి. 2021లో జర్మనీ అది జాతిహననమేనని ఒప్పుకుని, 30 ఏళ్ళలో 110 కోట్ల యూరోలు ఇస్తామంది. నష్టపరిహారం అన్న మాట మాత్రం వాడలేదు, అభివృద్ధి సాయం అంది. చర్చలు రెండు ప్రభుత్వాల మధ్య జరిగాయి. మా ముత్తాతల చావు గురించి మేం లేకుండా మాట్లాడుకున్నారా అని హెరెరో, నామా సంఘాలు తిరగబడ్డాయి. తిరగబడకుండా ఎలా ఉంటారు?

తీర్పు వచ్చినట్టే వచ్చి పోతే? గ్వాటెమాలాలో 2013 మే 10న మాజీ నియంత రియోస్ మోంట్‌కి ఇషిల్ మాయా జనాల జాతిహననం నేరం కింద 80 ఏళ్ళ శిక్ష పడింది. పది రోజులకే రాజ్యాంగ న్యాయస్థానం దాన్ని కొట్టేసింది. కోర్టు హాలు నిండా కూర్చుని విన్న ఇషిల్ జనం ఇంటికెళ్ళారు. అయినా మూడేళ్ళ తర్వాత అదే దేశంలో సెపూర్ సార్కో ఊరి ఆడవాళ్ళ కేసు కోర్టులో విచారణకొచ్చింది. వాళ్ళు కెక్చీ మాయాలు. 1982లో వాళ్ళ భర్తలు సాగు చేసుకుంటున్న భూమికి పట్టాలు అడిగారు. అడిగినవాళ్ళని సైన్యం పట్టుకుపోయింది. భార్యల్ని సైనిక శిబిరంలో వంట చేయించి, బట్టలుతికించి, చెరిచారు. ముసలివాళ్ళయ్యాక, కుట్టుపని చేసిన శాలువాలతో ముఖాలు కప్పుకుని వరసగా కూర్చుని సాక్ష్యం చెప్పారు. గోతుల్లోంచి తీసిన ఎముకల పెట్టెల్ని హాల్లోనే పెట్టారు. 2016 ఫిబ్రవరి 26న ఒకడికి 120 ఏళ్ళు, ఇంకొకడికి 240 ఏళ్ళు పడ్డాయి. ఊరికి ఆస్పత్రి, పిల్లలకు బడి కావాలని అడిగారు, కోర్టు వాటినీ తీర్పులో రాసింది. భర్తలు ఏ పట్టాల కోసం ప్రాణాలిచ్చారో ఆ పట్టాల సంగతి మాత్రం తీర్పు తర్వాత కూడా వాళ్ళు అడుగుతూనే ఉండాల్సి వచ్చింది.

పొతొచారిలో ప్రతి జులై 11న ఆ ఏడాది గుర్తుపట్టినవాళ్ళని పూడుస్తారు. ఆకుపచ్చ గుడ్డ కప్పిన పెట్టెలు. మొదట్లో ఏడాదికి వందల్లో ఉండేవి. 2025లో ముప్పై ఏళ్ళు నిండిన రోజున ఏడు. వాళ్ళలో ఇద్దరు పంతొమ్మిదేళ్ళ కుర్రాళ్ళు. ఒక కూతురు తన తండ్రిని పూడ్చింది, ఆయనది దొరికింది ఒక్క ఎముక. పెట్టె మాత్రం అందరిదీ ఒకే కొలత, మనిషి పొడుగు. తేలికగా ఉన్నా నలుగురూ భుజం పట్టారు. ఇంకా దాదాపు వెయ్యి మంది దొరకాలి. వాళ్ళెక్కడున్నారో తెలిసిన మనుషులు ఆ చుట్టుపక్కల ఊళ్ళలోనే ఉన్నారు.